ముప్పై ఆరు గళ్ళు

పదకొండో ముక్క దగ్గర కత్తెర మొండికేసింది. కుట్టు టీచరు దాన్ని కిటికీ వెలుగులోకి పట్టుకుని చూసి, మధ్యలో ఇరుక్కున్న దారప్పోగును గోటితో లాగేసి, మళ్ళీ కత్తిరించసాగింది. వంటింటి బల్ల మీద బూడిదరంగు గళ్ళ బట్ట అంగుళం అంగుళం ముక్కలుగా రాలుతోంది. టేపు పెట్టలేదు. బొటనవేలి గోరే ఆమె టేపు.

“అత్తయ్యా, ఆ బల్ల కాస్త ఖాళీ చేస్తారా? డబ్బాలు సర్దాలి” అంది కోడలు, కూతురికి జడ వేస్తూనే.

“రెండు నిమిషాలమ్మా. లెక్కల మాస్టారు అయిపోతే చాలు.”

లెక్కల మాస్టారు అంటే ఆ బూడిదరంగు ముక్కలే. ఇంట్లో అందరికీ తెలుసు.

“ఈ నాలుగు రోజుల బడి ఎవడి బుర్రలో పుట్టిందో గానీ, వాడికి పిల్లలుండరు. ఉన్నా వాళ్ళావిడ పెంచుతుంటుంది” అని విసుక్కుంది కోడలు.

“నానమ్మా, ఇంక శుక్రవారం శుక్రవారం నేను పడుకోవచ్చా?”

“నువ్వు పడుకో. నేను నిన్ను ఆసుపత్రి కౌంటర్లో ఒళ్ళో పెట్టుకుని చీటీలు రాస్తాను” అంది కోడలు, రిబ్బను ముడి బిగించి. తర్వాత గొంతు తగ్గించింది. లోపలి గదిలో భర్త రాత్రి డ్యూటీ చేసొచ్చి పడుకున్నాడు. “అయినా శుక్రవారం మీకూ సెలవేగా అత్తయ్యా. మీరుంటే నాకు బెంగ లేదు.”

“చూద్దాం” అంది ఆమె. ముక్కల్ని అరచేత్తో ఊడ్చి కవర్లో వేసుకుంది.

ఆ బడికి ఆమె మూడు నెలల కోసం వచ్చింది. అసలు కుట్టు టీచరు పురిటి సెలవు మీద వెళ్ళి, తిరిగి రాలేదు. ఇరవై ఏడేళ్ళయింది. వచ్చిన కొత్తలో టైంటేబుల్ రాసే గుమాస్తా పెన్సిలుతో రాసి, చెరిపి, రాసి, కాగితం చిరిగిపోయి తల పట్టుకుని కూర్చోవడం చూసింది. మర్నాడు ఒక పెద్ద చెక్కపలక మీద దళసరి బట్ట బిగించి, నల్లదారంతో గళ్ళు కుట్టి తెచ్చింది. ఒక్కో టీచరుకు ఒక్కో రంగు గుడ్డముక్క, ఒక్కో ముక్కకు ఒక గుండుసూది. కుదరకపోతే తీసి ఇంకో గడిలో గుచ్చడమే. అప్పటినుంచి ఆ పని ఆమెదే అయింది. ఒకే గంటకు ఒక మాస్టారు రెండు క్లాసుల్లో ఉండవలసి రావడం ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా జరగలేదు. “ఊళ్ళో అందరి రోజులూ కుడతావు, మన ఆదివారానికి మాత్రం అతుకులే” అనేవాడు భర్త, బతికున్నప్పుడు.

పలక అడుగున ఇంకో వరస ఉండేది. ఏ రంగు ఎవరిదో తెలియడానికి ఒక్కొక్క ముక్కా గుచ్చి, కింద కాగితం మీద పేరు రాసేది. ఎవరైనా బడి మానేసినా, పోయినా, ఆ సాయంత్రం అందరూ వెళ్ళాక ఆ ముక్క తీసి బిస్కెట్ల డబ్బాలో వేసేది. వాళ్ళ రంగు మళ్ళీ ఇంకెవరికీ ఇచ్చేది కాదు. ఆ పనికి ఇంకెవరూ చెయ్యి పెట్టలేదు, ఆమే చేస్తుందని అందరికీ తెలుసు కనుక. ఆమె రంగు పసుపు. ఆ బడిలో మొదటిరోజు కట్టుకున్న చీర అంచులోది.

అది బడికి ఆఖరి శుక్రవారం. సోమవారం నుంచి బడి వారానికి నాలుగు రోజులే. పొద్దున విరామంలో స్టాఫ్ రూములో అదే గోల.

“వారానికి రెండు గంటల బస్సు ప్రయాణం తగ్గుతుంది నాకు” అంది సైన్సు టీచరు. “నడుం కాస్త నడుంలా ఉంటుంది.”

“నాకేమో మూడు రోజుల్లో పిల్లలు నేర్చినదంతా మరిచిపోయి, సోమవారం కొత్త పెళ్ళికొడుకుల్లా వస్తారని భయం” అన్నారు లెక్కల మాస్టారు. ఆమె వైపు తిరిగి కళ్ళజోడు పైకి తోసుకున్నారు. “టీచరమ్మా, ఐదుని నాలుగుతో భాగిస్తే శేషం ఒకటి. ఆ ఒకటి ఎక్కడ దాస్తారు?”

“సాయంత్రానికి చెప్తాను మాస్టారూ.”

హెడ్మిస్ట్రెస్ ఆమెను తన గదిలోకి పిలిచి తలుపు దగ్గరగా వేసింది. దూరమని ఇద్దరు టీచర్లు మానేశారు, ఆ ఖాళీల్లోకి ఎవరూ రావడం లేదు, నాలుగు రోజులంటే వస్తామంటున్నారు. ఇవన్నీ ఆమెకు తెలిసినవే. అసలు సంగతి కూడా పోయిన సోమవారమే చెప్పింది: వారానికి పదహారు పీరియడ్లు లేని టీచరును ఇక ఉంచడానికి లేదు. ఎనిమిది క్లాసులకు రెండేసి చొప్పున కుట్టుకు సరిగ్గా పదహారు. ఆటలకూ సరిగ్గా పదహారు.

ఇదివరకు ఒక్కో క్లాసుకు వారానికి నలభై గళ్ళు. ఇప్పుడు రోజుకొక పీరియడు పెంచినా ముప్పై ఆరే. నాలుగు రాలిపోవాలి. లైబ్రరీ ఒకటి, నీతిపాఠం ఒకటి పోతాయి, అవి ఎవరి ఉద్యోగమూ కాదు. మిగతా రెండూ కుట్టువో, ఆటలవో.

“మీరే చూడండి. మీ పలక మీద నేనెప్పుడూ వేలు పెట్టలేదు” అంది హెడ్మిస్ట్రెస్. ఆ మాట మర్యాదగానే అంది. కళ్ళు మాత్రం బల్ల మీది కాగితాల్లోనే ఉన్నాయి.

మధ్యాహ్నం ఆమె కుట్టుగదిలో తలుపు వేసుకుని పలక ముందు కూర్చుంది. లైబ్రరీ తీసింది. నీతిపాఠం తీసింది. ఎర్రవి, అంటే ఆటలవి, ఒక్కొక్కటీ తీసి బిస్కెట్ల డబ్బా మూతలో పెట్టింది. పసుపువి గుచ్చింది. ఎక్కడా అడ్డం పడలేదు. తెచ్చుకున్న అన్నం డబ్బా తెరిచి, పలకను చూస్తూ తిన్నది. కుదిరింది. సాయంత్రం ఇదే చూపించాలనుకుంది. పలక మీద గుడ్డ కప్పి లేచింది.

పిల్లలు తట్టుకోగలరో లేదో చూద్దామని ఆ వారమంతా తొమ్మిదో పీరియడు పెట్టి నడుపుతున్నారు. ఆ రోజు తొమ్మిదోది ఆమెకే, ఆరో తరగతితో. ముప్పై రెండు సూదులు లెక్కపెట్టి ఇచ్చింది. గుండీ కుట్టడం పాఠం. నాలుగు బెంచీలు తిరిగేసరికి గదిలో మాటలు ఆగిపోయాయి. ఆరో తరగతి గదిలో మాటలు ఆగడం ఆమె ఎన్నడూ చూడలేదు. వెనక్కి తిరిగితే సగం తలలు బల్లల మీదికి వాలుతున్నాయి. మూడో బెంచీలో ఒక పిల్ల కళ్ళు మూసుకునే సూది గుచ్చింది, గుండీలో కాదు, వేలిలో. తెల్లబట్ట మీద ఎర్రచుక్క విచ్చుకుంది. పిల్ల ఏడవలేదు.

“టీచర్, ఇంకా ఎంతసేపుంది?” అని అడిగింది.

వేలికి గుడ్డ చుడుతూ ఆమె కిటికీలోంచి చూసింది. మైదానంలో ఇంకో సెక్షన్. అదే వయసు, పొద్దుటినుంచి అవే ఎనిమిది పీరియడ్లు కూర్చున్న పిల్లలు. కేకలు వేస్తూ, ఒకళ్ళ చొక్కా ఒకళ్ళు పట్టి లాగుతూ పరుగెడుతున్నారు. ఒకడు పడ్డాడు, దులుపుకోకుండానే లేచాడు.

“సూదులు ఇచ్చెయ్యండి” అంది ఆమె. “తలలు బల్ల మీద పెట్టుకుని పడుకోండి. చప్పుడు చెయ్యకండి.”

ముప్పై రెండూ లెక్కకొచ్చాయి.

గంట కొట్టాక పలక మీది గుడ్డ తీసింది. మధ్యాహ్నం అంత చక్కగా కనబడినదే, ఇప్పుడు భుజం దగ్గర పట్టేసిన కోటులా ఉంది. అలాంటి దాన్ని ఆమె ఎప్పుడూ ఎవరికీ ఇచ్చి పంపలేదు. పసుపు ముక్కలు ఒక్కొక్కటే తీసి, వాటి గుండుసూదులకే ఎర్రవి తొడిగి, రోజూ ఆఖరి నాలుగు పీరియడ్లలో గుచ్చింది. పావుగంట పట్టింది. దూరంగా నిలబడి ఒక కన్ను మూసి చూసింది. పసుపువి పదహారూ బిస్కెట్ల డబ్బాలో వేసి మూత పెట్టింది.

హెడ్మిస్ట్రెస్ వచ్చి పలక మీది గళ్ళన్నీ వరసగా చూసింది.

“పసుపు కనబడదేమిటండీ?”

“కొలత కుదరలేదు మేడమ్.”

“మీరు ఊఁ అంటే నేను పైవాళ్ళకి ఒకసారి రాసి…”

“తొమ్మిదో పీరియడులో వీళ్ళు సూది పట్టుకోలేరు మేడమ్. పరుగెత్తాలి.” బీరువా తాళాలు బల్ల మీద పెట్టింది. “సూదులు ముప్పై రెండున్నాయి. ఒకటి వంకర. మూడో మిషనుకు పెడల్ కిర్రుమంటుంది, కాస్త నూనె వేయిస్తే చాలు.”

గేటు దగ్గర లెక్కల మాస్టారు సైకిలు తాళం తీస్తున్నారు.

“ఏం టీచరమ్మా, శేషం తేలిందా?”

“తేలింది మాస్టారూ.”

“ఎంత?”

“సున్నా.”

“నా ఉద్యోగం కూడా మీకే ఇచ్చెయ్యాలి” అని నవ్వి సైకిలెక్కి వెళ్ళిపోయారు.

ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని, మనవరాలి జడ విప్పుతుంటే కోడలు ఆసుపత్రి నుంచి వచ్చింది.

“ఖాయమేనా అత్తయ్యా? వచ్చే శుక్రవారం మీరుంటారుగా? నేను పైవాళ్ళకి చెప్పుకోవాలి.”

“ఉంటానమ్మా. శుక్రవారాలే కాదు, అన్ని వారాలూ ఉంటాను.”

కోడలు చెప్పు విప్పబోతూ ఆగింది. ఏదో అడగబోయి అత్తగారి చేతుల వైపు చూసింది. అవి రిబ్బనుకు పడ్డ ముడి విప్పుతున్నాయి, తొందర లేకుండా, గోటితో. కోడలు వంటింట్లోకి వెళ్ళింది. టీ పెట్టి, ముందు ఆమెకు ఇచ్చింది.

సోమవారం పొద్దున పలకను వరండాలో తగిలించారు. పిల్లలు గుంపుగా నిలబడి ముప్పై ఆరు గళ్ళూ పుస్తకాల్లోకి ఎక్కించుకున్నారు. ఒక్క తప్పూ దొరకలేదు. నెల గడిచింది. సైన్సు టీచరు నడుం కాస్త కుదుటపడింది, పిల్లలు సోమవారం లెక్కలు మరిచిపోయి రావడం మాస్టారు అన్నట్టే జరిగింది, మధ్యాహ్నాలు మైదానం మోగిపోయింది. కుట్టుగదిలోకి చాకుపీసు పెట్టెలు చేరాయి.

పలక అడుగున, ఏ రంగు ఎవరిదో చెప్పే వరసలో, బూడిదరంగు గళ్ళ ముక్కకూ ఆకుపచ్చకూ మధ్య, అంచులు కాస్త వెలిసిన పసుపు ముక్క ఒకటి, తీసేవాళ్ళు లేక, తన గుండుసూదికి అలాగే ఉంది.