నన్ను రోజూ కడక్కండి

నేను ఒక ఇసుక ఫిల్టర్ని. ఈతకొలను వెనక మోటారు గదిలో బొజ్జ వేసుకుని కూర్చుంటాను కాబట్టి మీరు నన్ను చూసి ఉండరు. నా కడుపులోంచి వచ్చిన నీళ్ళు మాత్రం ఈత నేర్చుకునేటప్పుడు గుక్కెడైనా మింగే ఉంటారు. మనుషులకు వడ్డించినవాళ్ళు గుర్తుంటారు గాని వండినవాళ్ళు గుర్తుండరు.

నన్ను ఒక షెడ్డులో ఫైబర్‌తో చేశారు. కడుపులో గరుకు ఇసుక పోసి, నెత్తిన ఒక పిడి, పక్కన ఒత్తిడి చూపించే ముల్లు బిగించారు. నా పని చెప్పుకుంటే చిన్నదే. మోటారు తోసిన నీళ్ళు పైనుంచి ఇసుకలోకి దిగుతాయి. మురికి అక్కడ ఆగిపోయి, తేటనీరు అడుగునుంచి కొలనుకు వెళుతుంది. మురికి బాగా పేరుకుంటే ముల్లు పైకి లేస్తుంది. అప్పుడు మోటారు ఆపి, పిడి తిప్పి, నీళ్ళను అడుగునుంచి పైకి కొడితే ఆ మురికంతా కాలువలోకి పోతుంది. అదే నాకు స్నానం.

మొదట నన్ను ఒక హోటల్‌వాళ్ళు కొన్నారు. వాళ్ళ మనిషి ఒకడు మోటారు ఆపకుండానే పిడి తిప్పి నా మెడలో రబ్బరు చింపేశాడు. తప్పు వాడిది, తిట్లు నాకు. హోటల్ మూతపడ్డాక కాకినాడలో ఒక కాలనీ కొలను దగ్గరికి వచ్చి పడ్డాను. అక్కడ మంగతాయారు చేతికి చిక్కాను.

మంగతాయారు ఆడవాళ్ళకు ఈత నేర్పుతుంది. చిన్నప్పుడు పంటకాలవలో ఈదిన మనిషి. నా మెడ సంగతి విన్నది కాబట్టి, పిడి మీద ఇంకెవరినీ చెయ్యి వెయ్యనివ్వదు. దసరాకి నా బొజ్జకి పసుపు రాసి, కుంకుమ పెట్టి, నిమ్మకాయ కోసింది. అక్కడితో ఆగితే బాగుండేది.

“బొట్టు పెట్టాక నీళ్ళు పొయ్యకుండా ఎలా ఉంచుతామండి?” అని రోజూ పొద్దున్నే నన్ను కడగడం మొదలుపెట్టింది.

నాకు ఒళ్ళు మండిపోయేది. కడిగిన ఇసుకలో సందులు ఎక్కువ, సన్నని దుమ్ము జారిపోతుంది. కాస్త మురికి పేరుకుంటేనే ఆ సందులు పూడి, కొత్త మురికి ఆగుతుంది. ఆమె కడిగేకొద్దీ కొలను మసకబారింది. మసకబారేకొద్దీ ఇంకా కడిగింది. ప్రేమతో చేసే పనిని ఆపమని ఎవరు చెప్పగలరు? నాకైతే నోరే లేదు.

ఆ కొలనులో లోతు వైపు అడుగున ఒక నల్లరాయి పరిచి ఉంది. గట్టుమీదనుంచి అది కనబడకపోతే ఎవరూ నీళ్ళలో దిగకూడదు. మునిగిన మనుషులు కూడా కనబడరు మరి. ఆ రాయి కనబడక ఆడవాళ్ళ బ్యాచ్ ఆగిపోయింది. వాళ్ళు నిర్భయంగా ఈదడానికి ఊళ్ళో ఇంకో చోటు లేదు.

కాలనీ ప్రెసిడెంటు వీర్రాఘవులుగారు తేల్చి చెప్పేశారు. “పై ఆదివారం చూస్తానండి. రాయి కనబడకపోతే కొలను పూడ్చేసి ఫంక్షన్ల షెడ్డు వేసేద్దాం. ఈ డబ్బాని పాతసామాన్లవాడికి ఇచ్చేద్దాం.”

ఆడలేక మద్దెల ఓడన్నట్టు, నేను డబ్బానైపోయాను.

సరిగ్గా అప్పుడే మంగతాయారు మరిదిగారి కోడలు ప్రసవించింది. ఇంటికంతటికీ పురుడు వచ్చింది. బొట్టు పెట్టిన నన్ను పురుట్లో ముట్టుకోకూడదని ఆమె కొలను చుట్టూ ఉన్న కంచె బయటే నిలబడి వాచ్‌మన్ సోమరాజుకి చెప్పింది.

“మోటారొక్కటే వెయ్యి బాబూ. పిడి జోలికెళ్ళావంటే ఊరుకోను.”

సోమరాజు ఆ మాట తు.చ. తప్పలేదు. నాకు స్నానం తప్పింది. ఇసుకలో మురికి నిలిచింది, ముల్లు కొద్దికొద్దిగా లేచింది. పట్టుదలగా పనిచేశాను. మందూ మాకూ ఏమీ అక్కర్లేదు, నన్ను నా మానాన వదిలేస్తే చాలని చూపించాలనుకున్నాను.

ఆదివారం వీర్రాఘవులుగారు నీళ్ళవైపు చూడకుండానే పాతసామాన్లవాణ్ణి వెంటబెట్టుకుని నేరుగా నా గదిలోకి వచ్చారు. వాడు నా పైపుకి రెంచీ పెట్టాడు. కంచె బయటున్న మంగతాయారు అప్పటికే తేటపడిన నీళ్ళలో నల్లరాయిని చూసింది. పురుడు గిరుడు చూడకుండా లోపలికి వచ్చి నా పిడి మీద చెయ్యి వేసింది.

“రెంచీ తియ్యవయ్యా.”

“పురుట్లో ముట్టుకోవచ్చాండి?” అన్నారు వీర్రాఘవులుగారు.

“ఆ పాపమేదో నాకే తగులుతుందిలెండి. ఇన్నాళ్ళూ ముట్టుకునే పాడుచేశాను దీన్ని. మీ కారు తాళాలు ఓసారి ఇలా ఇవ్వండి.”

ఎందుకో తెలియకపోయినా ఆయన ఇచ్చారు. ఆమె గట్టుకు నడిచి వాటిని లోతు వైపు విసిరేసింది. తాళాలు మెల్లగా దిగి నల్లరాయి మీద పడ్డాయి.

“కనబడుతున్నాయాండి?”

ఆయన వంగి చూశారు. “కనబడుతున్నాయి.”

“అయితే దిగి తెచ్చుకోండి.”

ఆయనకు ఈత రాదు. ఏం తేలుతుందో చూద్దామని వచ్చిన ఆడవాళ్ళు ఒక్కొక్కరే నీళ్ళలో దిగారు గాని, తాళాల జోలికి ఎవరూ పోలేదు. పాతసామాన్ల బండి ఖాళీగా వెళ్ళిపోయింది. వీర్రాఘవులుగారు చేతులు వెనక్కి కట్టుకుని గట్టుమీదే నిలబడ్డారు.

“రేపట్నించి మగాళ్ళకీ నేర్పుతానండి, రండి,” అంది మంగతాయారు.

ఇప్పటికీ నా కడుపులో మురికి ఉంది. దానికి నేనేమీ సిగ్గుపడను. ఎవరైనా నన్ను కడగడానికి వస్తే, ముందు ముల్లు చూసి రమ్మనండి.