అనుమతి రాకముందు విన్న మాట

ఆ నోటుపుస్తకాన్ని మంటలో వేసింది విధేయతతోనా, భయంతోనా అన్న సందేహం అలినాఫెను పద్దెనిమిదేళ్ళుగా వదల్లేదు. ఆదివారం ప్రార్థనలో కళ్ళు మూసుకుంటే చాలు, వచ్చి పక్కనే కూర్చునేది. విధేయతే అయితే మనసెందుకు కుదుటపడదు? భయమే అయితే దేవుడి దగ్గర ఒప్పుకోవడానికి నోరెందుకు రాదు?

అప్పుడామె జోంబా పట్నంలో నర్సింగు చివరి ఏడాది చదువుతోంది. పట్టా చేతికి రావాలంటే ఒక పరిశోధన చేసి రాయాలి. ఊపిరి లేకుండా పుట్టిన బిడ్డల తల్లుల గురించి రాస్తానంది. సరస్సు వైపు పల్లెల్లో అలాంటి బిడ్డకు పేరు పెట్టరు, ఏడవరు. ముసలి ఆడవాళ్ళు నలుగురు గుడ్డలో చుట్టి తీసుకెళ్ళి, ఒడ్డున తడినేలలో పూడ్చి, చేతులు కడుక్కొని వస్తారు. కొద్ది రోజులకే తల్లి రోకలి పట్టుకోవాలి. ఆ సంగతి ఇక ఎవరూ ఎత్తరు.

మనుషులను అడిగి రాసే పరిశోధన ఏదైనా సరే, ముందు కాలేజీలోని నైతిక సమీక్ష సంఘం అనుమతి ఉత్తరం ఇవ్వాలి. అది వచ్చేదాకా ఒక్క ప్రశ్న కూడా అడగకూడదు. ఈలోపు పల్లెకు వెళ్ళి గ్రామపెద్దను పలకరించి రావచ్చు, అంతే. అలినాఫె అందుకే వెళ్ళింది. సబ్బు, పంచదార ఆయన ముందు పెట్టి, వచ్చిన పని చెప్పింది.

"మరింకేం, మొదలుపెట్టు," అన్నాడు పెద్దాయన.

"కాలేజీ నుంచి కాయితం రావాలి తాతా."

"ఈ ఊళ్ళో కాయితాన్ని నేనే. పొద్దున్నే లేచి దగ్గుతాను కూడా. మీ కాయితం దగ్గుతుందా?"

చాపల మీద కూర్చున్న ఆడవాళ్ళు పకపకా నవ్వారు. అలా బిడ్డను పోగొట్టుకున్న తల్లులను పన్నెండుమందిని ఆయన అప్పటికే పిలిపించాడు. మళ్ళీ వస్తానని అలినాఫె చెప్పగానే అందరూ లేచారు. ఒక్కామె లేవలేదు. ఎండుచేపలు అమ్ముకునే అబిటి కసిము. నలభై అయిదేళ్ళుంటాయి. ఎవరూ అడక్కుండానే మొదలుపెట్టింది.

"నాది ఆడపిల్ల. జుట్టు ఎంతుందనుకున్నావ్! ఒక్కసారి చూపించి తీసుకెళ్ళిపోయారు."

పోయినవాళ్ళ గురించి చెబుతున్న మనిషి ముందు నుంచి లేచిపోవడం ఆ నేల మీద ఎవరూ చేయని పని. లేచినవాళ్ళు మళ్ళీ కూర్చున్నారు. అలినాఫె కూడా కూర్చుంది. చేతిలో నోటుపుస్తకం ఉంది. బడిలో నేర్పినట్టు పైన తేదీ వేసి, ఆమె చెప్పిందంతా రాసుకుంది.

"పేరు పెట్టొద్దన్నారు. నేను పెట్టాను. లోపల్లోపలే. అసియాతు. ఇరవై రెండేళ్ళు నా నోట్లోనే తిరిగింది, ఇదే బయటికి రావడం. రాశావా?"

"రాశానమ్మా."

"నేను పోతే అదీ నాతోనే పోతుంది. ఎక్కడో ఒక్క కాయితం మీద ఉండనీ, చాలు. ఉంచుతావుగా?"

"ఉంచుతానమ్మా."

అనుమతి ఉత్తరం తొమ్మిది రోజుల తర్వాత వచ్చింది. అలినాఫె మిగతా తల్లులతో ఆ తర్వాతే మాట్లాడింది. పుస్తకాలన్నీ తెచ్చి ఇచ్చినప్పుడు పర్యవేక్షకురాలు డాక్టర్ చిసాలె మొదటి పేజీ మీద వేలు పెట్టి ఆగిపోయింది.

"ఇదేం తేదీ? ఉత్తరం కంటే ముందుంది!"

"నేను అడగలేదు మేడమ్. ఆవిడే చెప్పింది."

"రాసుకున్నావు కదా? పైగా బిడ్డ పేరు కూడా. పేర్లు రాయకూడదని తెలియదూ?"

"ఆ పేరు రాయమనే కదా మేడమ్ ఆవిడ అడిగింది."

డాక్టర్ చిసాలె చెడ్డమనిషి కాదు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. "ఎక్కడినుంచో పరిశోధనకని వచ్చినవాళ్ళు మా అమ్మ ఊళ్ళో పిల్లల నెత్తురు తీసుకుపోయారు. ఎందుకో ఈనాటికీ ఎవరికీ తెలియదు. ఈ నియమం ఆ ఏడుపులోంచి పుట్టిందమ్మా. నీకోసం సడలిస్తే రేపు ఇంకొకడి కోసం సడలించాలి."

ఆ మాట తప్పని అలినాఫె ఇప్పటికీ అనుకోదు. సంఘం తీర్పు వారంలో వచ్చింది: ఆ నోటుపుస్తకాన్ని నాశనం చేయాలి, లేకపోతే పట్టా లేదు. ఆఫీసు వెనక చెత్తగుంటలో కాల్చారు. కాల్చినట్టు రాసిన పత్రం మీద ఆమె, డాక్టర్ చిసాలె సంతకాలు చేశారు. కాల్చినవాళ్ళ పేర్లు బీరువాలో భద్రంగా ఉన్నాయి.

ఆ తర్వాత ఆ పల్లెకు వెళ్ళడానికి అలినాఫెకు కాళ్ళు రాలేదు. పట్టా వచ్చింది, పెళ్ళయింది, పిల్లలు పుట్టారు. అదే కాలేజీలో పంతులమ్మ అయింది. చివరికి ఆ సంఘంలోనే సభ్యురాలయింది. బిడ్డ పేరు ఉంచమని తల్లే కోరితే ఉంచేలా నియమాల్లో ఒక్క వాక్యం చేర్చుదామని రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ, "అది వాళ్ళ మంచికి కాదు," అన్నారు. రెండోసారి కాదన్నప్పుడు ఆమె బల్ల మీదున్న కాయితాలు సర్దుకుంది. పరలోకంలో దేవుడి దగ్గరుండే జీవగ్రంథంలో ఆయన బిడ్డలందరి పేర్లూ ఉంటాయని చిన్నప్పుడు నేర్పారు. ఎవరూ పేరు పెట్టి పిలవని బిడ్డను అక్కడ ఏ వరుసలో రాస్తారో నేర్పలేదు.

మర్నాడు సెలవు పెట్టి బండెక్కింది.

అబిటి కసిము గుమ్మంలో కూర్చుని ఉంది. రెండు కళ్ళలోనూ పొర కమ్మేసింది.

"అవ్వా, నేను గుర్తున్నానా?"

"కళ్ళు పోయాయి, చెవులు పోలేదు. పుస్తకం పిల్లవి." నవ్వింది. "ఇన్నాళ్ళు పట్టిందే! మీ కాలేజీలో తాబేళ్ళు పాఠం చెబుతాయా?"

అలినాఫె నవ్వలేకపోయింది. ముసలామె నవ్వూ ఆగింది.

"నా కూతురు ఏ కాయితం మీద ఉంది?"

"ఏ కాయితం మీదా లేదవ్వా. కాల్చేశాను. అనుమతి రాకముందే విన్నానని కాల్చమన్నారు. కాల్చింది మాత్రం నేనే."

కోడి ఒకటి గడప దాటి లోపలికి వెళ్ళింది. ముసలామె ఆ చప్పుడు వైపు తల తిప్పింది.

"నాకు నోరుంది. నేను చెప్పాను. నేను చెప్పడానికి వాళ్ళ అనుమతేమిటి?"

అలినాఫె ఒళ్ళోని సంచిని దగ్గరికి లాక్కుంది.

"నువ్వూ ఆ నలుగురు ముసలమ్మల జతే అన్నమాట. గబగబా కప్పెట్టి చేతులు కడుక్కున్నావు. ఆ ఒడ్డు కూడా లేదిప్పుడు. నీళ్ళు పైకొచ్చి తడినేలంతా మునిగింది. ఎక్కడని చూపించను?" గొంతు తగ్గింది. "నీ దగ్గరుందిలే అని ఆ పేరు లోపల్లోపల తలుచుకోవడం కూడా మానేశాను. పొద్దున లేస్తే ఒక్కోరోజు నోటికి రాదు. పేరైనా గుర్తుందా నీకు?"

"అసియాతు."

ముసలామె పెదవులు కదిలాయి.

అలినాఫె సంచిలోంచి తెల్లకాయితం తీసి, మోకాలి మీద పెట్టుకుని పెద్ద అక్షరాలతో రాసింది. "అబిటి కసిము కూతురు అసియాతు," అని పైకి చదివింది.

"మళ్ళీ చదువు."

చదివింది.

"దీన్ని ఏ ఆఫీసులో పెడతారు?"

"ఏ ఆఫీసూ తీసుకోదవ్వా."

"ఊఁ." చెయ్యి చాచి కాయితం తీసుకుంది. వేళ్ళతో అంచులు తడిమి, నాలుగు మడతలు పెట్టి, నడుముకు చుట్టుకున్న గుడ్డ కొంగులో ముడివేసింది. ముడి గట్టిగా ఉందో లేదో రెండుసార్లు లాగి చూసుకుంది.

"ఇక నువ్వు నాకేమీ బాకీ లేవు," అంది. "వెళ్ళు. పొద్దుపోతే బండి దొరకదు."