గడ్డం కింద రెండు వేళ్లు

ఆ పొద్దు ఆకాశంలో మబ్బు తునక లేదు. తెల్లారుతూనే సున్నపునీళ్లు చల్లినట్టు పాలిపోయి ఉంది. ఎరుపు లేదు, చల్లదనం లేదు. ఉదయగిరి కొండ మీది కోట గోడలు ఆవిరి వెనక ఉన్నట్టు మసకగా కదులుతున్నాయి. కామయ్య వేపపుల్ల నములుతూ వాకిట్లో నిలబడి చాలాసేపు పైకి చూశాడు. పదేళ్ల వయసు నుంచి గొర్రెల వెంట తిరిగినవాడికి అలాంటి ఆకాశం చెప్పేది ఒకటే. పదిగంటలకల్లా నేల మీద కాలు మోపనివ్వదు.

కొడుకు కోటేశ్వర్ నాలుగు రోజుల కిందటే మందను తోలుకుని పోయాడు. ఆత్మకూరు దగ్గర వరికోతలు అయిపోయాయి. కోసిన మళ్లలో రాత్రిళ్లు మంద పెడితే రైతుకు ఎరువు, గొర్రెలకు మేత. ఒక మడి అయ్యాక ఇంకో మడికి, అట్లా చేజర్ల దాకా రెండు నెలల నడక. వంటకూ ఈనిన గొర్రెలు చూడడానికీ ఇంట్లో ఆడవాళ్లు కూడా పోవాల్సిందే. ఈసారి ఐదు నెలల మనవరాలు అశ్విత కూడా పోవాలి.

"మామా, ఎట్లా ఉండాదో చూడు" అంటూ కోడలు రేణుకాదేవి బయటికి వచ్చింది.

ఆమె రొమ్ము మీద నీలంరంగు సంచి. భుజాల మీదుగా పట్టీలు, వీపున వాటిని కలిపి పట్టే ప్లాస్టిక్ బిళ్లలు. లోపల బిడ్డ. పైనుంచి చూస్తే వెంట్రుకలు తప్ప ఏమీ కనిపించడం లేదు.

"నెల్లూరు నుంచి మా అక్క పంపించినాది. లోపలంతా స్పాంజి, పరుపు మాదిరి. చేతులు రెండూ ఖాళీగా ఉంటాయి."

కామయ్య చూశాడు. బిడ్డ ముఖం ఎక్కడుందోనని వంగి వెతికాడు. నోరు తెరిచాడు. పుల్ల తీసి ఉమ్మి, "బాగుండాది" అన్నాడు.

బాగాలేదని చెప్పాలంటే రెండేళ్ల కిందటి మాట చెప్పాలి. కొండ మీద ఒక గొర్రె ఈనితే ఆ పిల్లను గొంగడిలో చుట్టి, రొమ్ముకు కట్టుకుని కిందికి దిగాడు. ఎండ తగలకూడదని మూతి మీదుగా కప్పాడు. కాసేపు అరిచింది. తర్వాత ఊరుకుంది. నిద్రపోయింది అనుకున్నాడు. వాగు దగ్గర విప్పి చూస్తే మెడ ముడుచుకుని, గడ్డం రొమ్ముకు అతుక్కుని, చచ్చిపోయి ఉంది. ఒళ్లు మాత్రం పొయ్యి మీంచి దించినంత వేడిగా ఉంది. బలం లేని పిల్ల, పుట్టీ పుట్టగానే పోయింది అని ఇంట్లో చెప్పాడు. యాభై ఏళ్లు గొర్రెలు కాసినవాడు తన ఒళ్లోనే పిల్లను చంపుకున్నాడని ఎట్లా చెబుతాడు?

పైగా కోడలు ఇంటరు చదివింది. ఫోనులో అన్నీ చూస్తుంది. ఆమెకు తెలియదా అనుకున్నాడు. అనుకున్నాడే గానీ చూపు మాత్రం ఆ సంచి మీదే ఉండిపోయింది.

బయల్దేరేముందు అతని భార్య దేవకమ్మ మనవరాలి బుగ్గనా అరికాలునా కాటుక చుక్కలు పెట్టింది. బస్సు గాలి చెవుల్లో దూరకుండా ఉన్ని టోపీ తొడిగింది. ఏప్రిల్ నెలలో ఉన్ని టోపీ. అది చాలక బస్టాండులో తువ్వాలు తీసి సంచి మీద కప్పి, అంచులు లోపలికి దోపింది.

"అత్తా, ఉక్కపోస్తాదేమో" అంది రేణుక.

"ఏం పొయ్యదు. ఈడ నూరు కండ్లు ఉండాయి. పోయిన మాటు ఆ బజారామె 'ఎంత ముద్దుగా ఉండాదో' అనింది, మూడు రోజులు పాలు తాగలేదు నీ కూతురు. మర్చిపోయినావా?"

కామయ్య తువ్వాలు వంక చూశాడు. ఇప్పుడన్నా చెప్పాలి అనుకుంటుండగానే ఆత్మకూరు బస్సు వచ్చింది.

ఆడవాళ్లకు టికెట్టు తీసేసినప్పటి నుంచి ఆ బస్సులో ముందు భాగమంతా వాళ్లే. రేణుకకు మూడో వరసలో సీటు దొరికింది. దేవకమ్మ పక్కన నిలబడింది. జనం తోసుకుంటూ పోతే కామయ్య వెనక తలుపు దగ్గర మూటల మధ్య తేలాడు. కిటికీలోంచి వడగాలి కొడుతోంది. వాళ్ల దగ్గరికి చూపు పోవడం లేదు. చెవులు మాత్రం అక్కడే పెట్టాడు.

బస్సు కదిలినప్పుడు బిడ్డ గట్టిగా ఏడ్చింది. రెండు మలుపులు తిరిగాక ఏడుపు మూలుగైంది. ఇంకో ఊరు దాటేసరికి మూలుగు కూడా ఆగింది. ఇంజను మోత తప్ప ఏమీ లేదు.

"నిద్రపోయినాది బంగారు తల్లి" అని దేవకమ్మ ఎవరితోనో అనడం వినిపించింది.

కామయ్య పట్టుకున్న కడ్డీ వదిలేశాడు. ఆ మాట తనదే. వాగు దాకా అదే మాట అనుకుంటూ దిగాడు. మూటల మీదుగా కాలు వేశాడు.

"ఏంది పెద్దాయనా, ముందర నీకేమన్నా సీటు దాచిపెట్టినారా?" అన్నాడొకడు.

కామయ్య తోసుకుంటూ పోయాడు.

"ఆడోళ్ళ మద్దెన యాడికి వస్తా ఉండావు?" అంది ఒక ముసలామె. "ఫ్రీ కావాలంటే చీర కట్టుకోని రాకూడదా!"

చుట్టూ నవ్వులు. ఆ నవ్వుల మీదుగా కామయ్య అరిచాడు. "రేణుకా! బిడ్డను బయటికి తియ్!"

ఆ గొంతు అంత పెద్దగా రావడం ఆ ఇంట్లో ఎవరూ ఎరగరు. నవ్వులు ఆగిపోయాయి.

"నిద్ర చెడగొట్టబాకయ్యా" అంటూ దేవకమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. అతను ఆ చెయ్యి తోసేసి తువ్వాలు లాగాడు.

బిడ్డ ముఖం కందిపోయి ఎర్రమట్టి ముద్దలా ఉంది. టోపీ కింద నుంచి చెమట కారుతోంది. గడ్డం రొమ్ములోకి దిగిపోయి ఉంది. ముక్కు స్పాంజిలో కూరుకుపోయింది. కళ్లు పూర్తిగా మూసుకోలేదు, కొద్దిగా తెల్లగా కనిపిస్తున్నాయి.

"అమ్మలూ" అని పిలిచాడు. బుగ్గ తట్టాడు. బిడ్డ కదల్లేదు.

రేణుక చేతులు వీపు వైపు పోనిచ్చింది గానీ బిళ్ల అందలేదు. కామయ్య ఆమె వీపు వెనక బిళ్ల పట్టుకున్నాడు. లాగాడు. నొక్కాడు. తిప్పాడు. తాడు ముడి ఎంత బిగిసినా విప్పే వేళ్లు ఆ ప్లాస్టిక్ ముక్కను విప్పలేకపోయాయి.

"కత్తి! ఎవరన్నా కత్తి ఇయ్యండిరా!"

వెనక సీటులోని ఒకామె లేచి అతన్ని పక్కకు జరిపి, రెండు పక్కలా ఒకేసారి నొక్కింది. టప్పుమని ఊడింది. బిడ్డను తల్లి రొమ్ము మీంచి తీసుకుని, "ఆపండి బస్సు. నేను నర్సును" అంది.

కండక్టరు విజిలు ఊదాడు. బస్సు రోడ్డు పక్క వేపచెట్టు నీడలో ఆగింది. ఆ నర్సు పేరు సుకన్య, ఊళ్ల వెంట తిరిగి పిల్లలకు టీకాలు వేస్తుంది. బిడ్డను చీర కొంగు మీద పడుకోబెట్టి టోపీ పీకేసింది, చొక్కా విప్పేసింది. మెడ నిటారుగా సర్ది గడ్డం కొంచెం పైకెత్తింది.

"గుమిగూడబాకండి, గాలి రానీయండి. మీద నీళ్లు గుమ్మరించొద్దు. తడిగుడ్డతో తుడవండి."

కామయ్య తువ్వాలు తడిపి ఇచ్చాడు. అతను బిడ్డ కడుపునే చూస్తున్నాడు. అది లేస్తోందా లేదా తెలియడం లేదు. రెప్ప వేస్తే ఆ ఒక్క క్షణంలో ఏమవుతుందోనని రెప్ప వేయలేదు. కళ్లలో నీళ్లు తిరిగి చూపు చెదిరింది. ఎవరో అట్టముక్కతో విసురుతున్నారు. బస్సులోంచి నలభై తలలు బయటికి వంగి ఉన్నాయి.

చిన్న వెక్కు వినిపించింది. ఇంకొకటి. తర్వాత బిడ్డ కాళ్లు తన్ని కేర్‌మంది.

రేణుక కింద కూలబడి బిడ్డను ఒళ్లోకి లాక్కుంది. సుకన్య పాలు పట్టమంది. బిడ్డ అందుకుని తాగింది.

"తాగతా ఉండాది, మంచిదే. అయినా ఆత్మకూరులో డాక్టరుకు చూపించాల్సిందే. నేనూ ఆడికే, తీసకపోతా."

డాక్టరు చూసి, రెండు గంటలు ఫ్యాను కింద ఉంచుకుని, పాలు తాగడమూ ఉచ్చ పోయడమూ కనుక్కుని పంపించాడు. జ్వరం వచ్చినా, మందకొడిగా ఉన్నా వెంటనే తీసుకురమ్మన్నాడు. ఆ రెండు గంటల్లో బిడ్డ కన్ను మూసినప్పుడల్లా కామయ్య వంగి ముక్కు దగ్గర చెయ్యి పెట్టాడు. మూడోసారికి రేణుక అతని చెయ్యి పక్కకు నెట్టి తన చెయ్యి పెట్టింది.

"ఆ పాడు సంచి కసువులో పారెయ్. మా కాలంలో పాతచీర కట్టుకోని మోసినాం, ఏమన్నా అయినాదా?" అంది దేవకమ్మ, డాక్టరు దగ్గర్నుంచి బయటికి వస్తూ.

"చీరయినా సంచయినా ఒకటేమ్మా" అంది సుకన్య. "మొకం ఎప్పుడూ కనపడాల. తల్లి తల వంచితే బిడ్డ నెత్తిన ముద్దు పెట్టేంత పైన ఉండాల. గడ్డానికీ రొమ్ముకీ మద్దెన రెండు వేళ్లు పట్టాల. తొడలకింద గుడ్డ ఆని, మోకాళ్లు కొంచెం పైకి ఉండాల, కప్ప కూచున్నట్టు. పల్చటి గుడ్డ, టోపీ వద్దు, పైన కప్పొద్దు. ఎండ ముదిరినాక తీసకపోనే వద్దు. నువ్వు పెట్టిన చుక్క ఉండాది కదా, దిష్టికి అది చాల్దా?"

దేవకమ్మ బిడ్డ బుగ్గన చుక్క వంక చూసింది. ఆమె చేతిలో ఉన్ని టోపీ ఇంకా తడిగానే ఉంది.

బజారులో పిల్లల సామాన్లు అమ్మే రమణయ్య అంగడికి కొత్త సంచి కోసం పోయారు. అతను నాలుగు రకాలు తీసి పరిచాడు. మొదటిది పాతదానిలాగే దళసరి. రేణుక ముట్టుకోలేదు. రెండోది పొడవాటి సాగే గుడ్డ, ఒంటికి చుట్టుకోవాలి. కట్టి చూస్తే రొమ్ము మీద మూడు పొరలు వచ్చాయి. మూడోదానికి తల పడకుండా ఆసరా లేదు. నాలుగోది పల్చటి నూలుగుడ్డ, పక్కల జల్లెడలాంటి వల, బరువు నడుం మీదికి దిగేట్టు వెడల్పాటి పట్టీ.

కామయ్య దాన్ని ముక్కుకు నోటికి అదిమి పెట్టుకుని గాలి పీల్చాడు.

"ఏంది తాతా, వాసన చూసి కొనేదానికి అదేమన్నా దోసకాయా?" అన్నాడు రమణయ్య.

కామయ్య ఆ సంచిని రొమ్ముకు ఆనించి, లోపల తన చెయ్యి పెట్టుకుని, గడప దాటి ఎండలో నిలబడ్డాడు. బీడీ కాల్చేంతసేపు కదల్లేదు.

"ఇదిగో, బేరం పోతే పోనీ. వడదెబ్బ తగిలి నా అంగడి ముందర పడబాకు!"

లోపలికి వచ్చి చెయ్యి తీసి చూసుకున్నాడు. చెమట పట్టింది గానీ కారలేదు. తర్వాత బిళ్ల పెట్టి తీశాడు, పెట్టి తీశాడు. పదిసార్లకు చూడకుండా తీయడం వచ్చింది. అప్పుడు, "ఇది ఇయ్యి" అన్నాడు.

రేణుక అతన్నే చూస్తోంది. "మామా, నీకెట్లా తెలిసినాది? వెనక తలుపు కాడ ఉండావే?"

కామయ్య బిళ్ల వైపు చూస్తూ చెప్పాడు. గొంగడి, వాగు, ముడుచుకున్న మెడ. మొత్తం నాలుగు మాటల్లో అయిపోయింది.

"బలం లేని పిల్లని చెప్పినావే" అంది దేవకమ్మ.

"అబద్ధం."

రేణుక బిడ్డను ఇంకా దగ్గరికి హత్తుకుంది. "పొద్దున సంచి చూసినావు కదా మామా. బాగుండాది అన్నావు."

"అన్నాను."

"అప్పుడే చెప్పుంటే?"

కామయ్య బిళ్ల పెట్టాడు గానీ ఈసారి తీయలేదు. రమణయ్య గుడ్డలు మడవడం ఆపి, మళ్లీ మడవసాగాడు.

ఆ పూట రేణుక కొత్త సంచి కట్టుకోలేదు. పొద్దు వాలాక ఆటోలో, బిడ్డను ఒళ్లో పెట్టుకుని పొలానికి వచ్చింది. ఊరి బయట కోసిన మడిలో వలతో దడి కట్టి, లోపల మంద ఆపి ఉన్నాడు కోటేశ్వర్. జరిగింది భార్య నోట విని, తండ్రి వైపు తిరిగాడు.

"నాయనా" అన్నాడు. దడి గుంజ ఒకటి ఊపి చూశాడు. చివరికి, "ఎనిమిది లోపల నడుద్దాం. మళ్లా అయిదు దాటినాకనే. మద్దెన నీడ ఉన్నకాడ ఆగుదాం. మంద ఆలస్యమైతే కానీ" అన్నాడు.

"రైతు ఒప్పుకుంటాడా?" అంది రేణుక.

"ఒప్పుకోకపోతే ఇంకో రైతు. ఇష్టం లేకపోతే రేప్పొద్దునే మీ అమ్మోళ్ళ ఇంటికి పోదువు. నీ మాట."

ఆమె బిడ్డ ముఖం చూసింది, దూరంగా నిలబడిన మామను చూసింది. "వస్తాను" అంది. "బిడ్డను ముందర కట్టుకుంటాను. మామ నా పక్కనే నడవాల. మంద వెనక కాదు, నా పక్కన. ఏం కనపడినా అప్పుడే నోరు తెరిచి చెప్పాల."

కామయ్య తల ఊపాడు. అది చాలదని అతనికే తోచి, "చెప్తాను" అన్నాడు.

వెలుతురు ఉండగానే దేవకమ్మ సంగటి కెలికి, వంకాయ పులుసు దించింది. బిడ్డను పల్చటి జుబ్బాతో గుడ్డ మీద పడుకోబెట్టి నలుగురూ చుట్టూ కూర్చున్నారు. బిడ్డకు నిద్ర పట్టింది. కోటేశ్వర్ రేపటి నడక గురించి ఏదో మొదలుపెట్టబోతే దేవకమ్మ చెయ్యెత్తి ఆపింది. అతను ఆగాడు.

సంగటి ముద్ద తుంచడం, పులుసులో అద్దడం, మింగడం. గిన్నెకు గరిటె తగిలితే రేణుక ఉలిక్కిపడి చూసింది. నలుగురూ తలలు వంచుకుని, బిడ్డ ఊపిరి వినిపించేంత మెల్లగా నములుతూ తిన్నారు.