అమ్మిరాజు అంటించిన అడవి

ఆటలో అమ్మిరాజు ఆడించే మంత్రగాడికి నిప్పు మంత్రం వచ్చిన రోజునుంచీ నాకు మనశ్శాంతి లేదు. కోతికి కొబ్బరికాయ దొరికినట్టే అయింది. తలుపు తెరుచుకోకపోతే నిప్పు, వంతెన మీద కాపలావాడు తిక్కగా మాట్లాడితే నిప్పు. వాడికి కావలసింది వెలుగూ చప్పుడూ. మిగిలే బూడిద సంగతి నాది, ఎందుకంటే ఆటలో కథ చెప్పేవాణ్ణి నేను.

ఆట బ్రహ్మవిద్యేం కాదు. మా బావ బొంబాయి నుంచి తెచ్చిన ఇంగ్లీషు పుస్తకానికి జెరాక్సు కాపీ, లూడో పాచిక, నేను గీసిన అడవి పటం. ఆడేవాళ్లు తమ మనిషి ఏం చేస్తాడో చెబుతారు, దానివల్ల ఏమైందో నేను చెబుతాను, తేలనిచోట పాచిక తేలుస్తుంది. రాయపూర్ రైల్వే క్వార్టర్లలో, అమ్మిరాజు వాళ్ల వరండాలో, ఆదివారం మధ్యాహ్నాలు కూర్చునేవాళ్లం. నేనూ, వాడూ, వాడి చెల్లెలు దాలమ్మ.

ఆటలో దాలమ్మ అడవి తూర్పు కొసన గుడిసె వేసుకుని, వేర్లు దంచి మందులిచ్చే మనిషి. అన్న మంత్రాలంటే తనకి ఒళ్లుమంట. ఒకసారి వాడు గడ్డిమైదానం తగలబెడితే, "మరి నీ గుర్రం ఏటి తింటాది?" అని పట్టుబట్టి, ఆ గుర్రం ఆకలితో చచ్చేదాకా ఊరుకోలేదు. బయట ఏ నెలైతే ఆటలోనూ అదే నెల అని నియమం పెట్టిందీ తనే. ఎంత పోట్లాడినా చివరికి తన మాటే నెగ్గేది.

తొంభై ఎనిమిది వానాకాలంలో మలేరియా మెదడుకెక్కి దాలమ్మ పోయింది. నెల తిరక్కుండానే అమ్మిరాజు పటం తెచ్చి నా ముందు పరిచాడు. "అడవిలో దాలి ఉన్నాది కదరా. ఓసారి చూసొద్దాం, చల్," అన్నాడు. కాదనడానికి నాకు నోరు రాలేదు. అప్పట్నుంచి దాలమ్మ మాటలు నేనే చెప్పేవాణ్ణి. తనలాగే కసిరేవాణ్ణి, తనలాగే అన్నని ఎగతాళి చేసేవాణ్ణి. వాళ్లమ్మ రమణమ్మ పిన్ని దీన్ని పిచ్చాట అనేది. అయినా నేను దాలమ్మ మాట ఎత్తేసరికి బియ్యం చేట పట్టుకుని గడపలోకి వచ్చి కూర్చునేది. ఏరిన బియ్యమే మళ్లీ ఏరేది.

మరుసటేడు ఏప్రిల్‌లో ఓ ఆదివారం, ఆటలో దొంగలు అడ్డం వచ్చారు. ముగ్గురే, అందులో ఒకడు కుంటివాడు. గట్టిగా అరిస్తే పారిపోయేవాళ్లు. అమ్మిరాజు నిప్పు విసిరాడు.

దొంగలు చచ్చారు. "మరి కింద ఆకుల సంగతో?" అన్నాను.

"ఏ ఆకులు?"

"ఏప్రిల్ నెలరా ఇది. ఇప్పపువ్వు రాలే కాలం. చెట్ల కింద ఎండుటాకు మేటలేసి ఉంటాది. పువ్వు ఏరుకోడానికి పల్లెలోళ్లు కాస్త ఆకు అంటిస్తేనే ఒక్కోసారి అడవంతా పాకిపోద్ది. నువ్వేసింది నిప్పుల ముద్ద."

"కితాబులో ఇరవై అడుగులే అని ఉన్నాది. అది దాటదు."

"ఆ రాసినోడెవడో మన ఎండలు చూసుండడు."

నాకు నిజంగానే కోపం వచ్చింది. వాడికి బుద్ధి చెప్పాలని కథలో మంటని ముందుకి నడిపించాను. గుడ్ల మీద కూర్చున్న పిట్టలు లేవలేదు. ఉడుములు బొరియల్లోనే ఉడికిపోయాయి. తేనెపట్లు కరిగి కారాయి. వాగులో మిగిలిన మడుగుల్లో చేపలు వెల్లకిలా తేలాయి. గాలి ఎటు వీస్తోందో తేల్చడానికి పాచిక వేశాను. తూర్పుకి.

అప్పుడు ఇద్దరం పటం చూశాం. తూర్పున దాలమ్మ గుడిసె. గడప దగ్గర పిన్ని చేటలో బియ్యం చప్పుడు ఆగిపోయింది.

నా కోపం చప్పున చల్లారింది. "ఇంతలో పెద్ద వాన పట్టింది," అన్నాను.

"ఏప్రిల్‌లో, అడవిని ఆర్పేసే వానా?" అన్నాడు అమ్మిరాజు. "దాలి ఉంటే ఒప్పుకుంటాదేట్రా? ఝూట్ చెప్పకు. పాచిక వెయ్."

"నువ్వే వెయ్యి. మూడు దాటితే మంట వాగు దగ్గర ఆగిపోద్ది."

రెండు పడింది.

వాడు పాచికని పటం మీంచి పక్కకి నెట్టాడు. "నేను మంటలోకెళ్తాను," అన్నాడు.

"నీ నిప్పు నిన్నూ కాలుస్తాది."

"కాల్చనీ. గుడిసె దాకా వెళ్తాను. దాలి ఉన్నాదా?"

"ఉన్నాది. కప్పు అంటుకున్నాది. గుమ్మానికి అడ్డంగా దూలం పడిపోయింది, నువ్వు దాటలేవు. నిన్ను చూసింది."

"ఏటంటాది?"

నోరు తెరిచాను. ఇన్నాళ్లూ గలగలా వచ్చిన దాలమ్మ మాట ఒక్కటీ రాలేదు. నా మీద నాకే అసహ్యం వేసింది. "ఆపేద్దాంరా," అన్నాను.

చేట పక్కన పెట్టి రమణమ్మ పిన్ని వచ్చి మా మధ్య కూలబడింది. పటం వైపు చూడలేదు, నా మొహంలోకే చూసింది.

"ఆపకు జోగీ. ఆస్పత్రిలో ఆకరి గడియకి నన్ను బైటికి పంపీసినారు. పోయేముందు దాలి ఏటన్నాదో నాకు తెల్దు నాయినా. ఇప్పుడేటంటాదో సెప్పు."

"అమ్మా," అన్నాను, దాలమ్మలాగా.

"ఏటమ్మా," అంది పిన్ని.

 పిన్ని తర్వాతి మాట కోసం నా నోటివైపే చూస్తూ కూర్చుంది.