ఎవరిదీ కాని పిలుపు

ఒకే చిప్‌కు నాలుగు యూఎస్‌బీ పోర్టులు. ఏ పోర్టులో ఏ కదలిక కలిగినా చిప్ కంప్యూటర్‌ను పిలుస్తుంది. చేస్తున్న పనిని ఆపించే ఆ పిలుపునే ఇంటరప్ట్ అంటాం. చిప్‌ను నడిపే ప్రోగ్రామే డ్రైవర్. పాత డ్రైవర్‌లో నాలుగింటికీ కలిపి ఒకటే పిలుపు. అది అందగానే కోడ్ ఒక్కొక్క పోర్టునూ "నువ్వా?" అని అడగాలి. దాన్ని విడదీసి, ఏ పోర్టు పిలుపు ఆ పోర్టుకే చేరేలా తిరగరాయడం నా పని. ఇంట్లోనే కూర్చుని రాస్తున్నాను.

కంప్యూటర్ లోపలి పెత్తనమంతా కెర్నెల్‌ది. దానికొక పద్ధతి ఉంది. పిలుపు పదే పదే వస్తున్నా "నాది" అని ఎవరూ అనకపోతే, "ఎవరూ పట్టించుకోలేదు" అని ఒక వాక్యం రాసి ఆ పిలుపు వచ్చే తీగను మూసేస్తుంది. మొదటిసారి ఆ వాక్యం చదివినప్పుడు, అది యంత్రం గురించి రాసినదని నాకు అనిపించలేదు.

అత్తగారి కాలికి సిమెంటు కట్టు. ఆ కాలు నేలకు ఆనిస్తే మళ్లీ ఆపరేషనేనని డాక్టరు హెచ్చరించారు. అందుకని మంచం పక్కన ఒక బెల్ పెట్టాం. అది మోగితే ఇంట్లో నాలుగు తలలు లేచేవి: నాది, మా ఆయనది, మరిదిది, మామగారిది. తర్వాత నాలుగూ దిగేవి.

"అన్నయ్య వెళ్తాడులే" అనేవాడు మరిది.

"వాడున్నాడుగా" అనేవారు మా ఆయన.

పొద్దస్తమానం చిప్‌ను విడదీస్తున్న కంటికి ఇల్లు కూడా చిప్‌లాగే కనబడింది. వేరువేరు మోతలున్న నాలుగు బెల్లులు తెచ్చాను. లిఫ్టుల తనిఖీ అధికారిగా రిటైరైన మామగారే వైర్లు బిగించారు. నీళ్లు మరిదివి, మాత్రలు మామగారివి, దిండ్లు మా ఆయనవి, లేపి నడిపించడం నాది.

"ఇదేమిటే, పడుకుని పియానో వాయించాలా నేను?" అన్నారు అత్తగారు.

"అలవాటవుతుందత్తయ్యా."

అలవాటైంది, మాకు. మర్నాడు మధ్యాహ్నం మరిది బెల్ మోగింది. వెళ్లాడు.

"నీళ్లేనా అమ్మా?"

"కాదురా, ఉక్క చంపేస్తోంది. ఆ ఫ్యాన్ వెయ్యి."

"ఫ్యాన్ నా పోర్టు కాదమ్మా" అని, గ్లాసు నిండుగా ఉందని నిర్ధారించుకుని వచ్చేశాడు.

మామగారు వెళ్లి మాత్రల వేళ కాలేదని చెప్పి వచ్చారు. మా ఆయన దిండు సర్ది వచ్చారు. నా బెల్ మోగింది.

"లేవాలా అత్తయ్యా?" గుమ్మంలోంచే అడిగాను.

"లేవక్కర్లేదు గానీ..."

ఆవిడ మాట పూర్తికాకుండానే వెనుదిరిగాను. నాది కాదని తేలాక వినడం వృథా. నా కోడ్‌లో నేను రాసిన నియమమే అది.

బెల్లులు మోగుతూనే ఉన్నాయి. మామగారు స్క్రూడ్రైవర్ అందుకున్నారు. "ఎవరికీ సంబంధం లేని బెల్ మోగుతోందంటే లోపం వైరులోనే. నా సర్వీసులో ఇలాంటివి ఎన్ని చూశాను!" అని నాలుగు వైర్లూ పీకేశారు.

ఇల్లు సద్దుమణిగింది. "వదినా, నీ డిజైన్ అదిరింది" అన్నాడు మరిది. బల్ల మీద ఆ చిప్ ఉన్న బోర్డు కూడా ప్రశాంతంగా ఉంది. ఆ మాటే రాసి కోడ్ పంపించాను. మా కోడ్‌లో తప్పులు వెతికే పెద్దాయన దగ్గర్నుంచి వెంటనే జవాబు వచ్చింది: "నిశ్శబ్దం బాగుంది. మౌస్ కదిపి చూశారా?"

కదిపాను. తెరమీద బాణం కదలలేదు. కెర్నెల్ తన మాటలు రాసుకునే లాగ్ తెరిచాను. తీగ తీగకూ అదే వాక్యం: ఎవరూ పట్టించుకోలేదు. ఏ పోర్టుకూ చెందక, చిప్ మొత్తానికి చెందే పిలుపు ఒకటుంటుంది. దాన్ని నేను ఎవరికీ అప్పగించలేదు. అది నాలుగు తీగల మీదా వచ్చింది. నాలుగు పోర్టులూ "నాది కాదు" అన్నాయి. వాటిలో ఒక్కటీ అబద్ధమాడలేదు.

అప్పుడు ఇంట్లోని నిశ్శబ్దం వినబడింది.

పరుగెత్తాను. అత్తగారు మంచం దిగారు. మంచి కాలి మీద నిలబడి, బీరువా తలుపు పట్టుకుని, స్విచ్ వైపు చెయ్యి చాచారు. కట్టుకాలు నేలకు వేలెడు ఎత్తులో ఊగుతోంది. బీరువా తలుపు మెల్లగా తెరుచుకుంటోంది.

ఆవిడ నడుము పట్టుకుని "ఎవరైనా రండి!" అని అరిచాను.

అందులో ఎవరి పేరూ లేదు, ఏ పనీ లేదు. ముగ్గురూ వచ్చారు. నలుగురం కలిసి ఆవిడను ఎత్తి మంచం మీద కూర్చోబెట్టాం. కాలు నేలకు ఆనలేదు.

"బెల్ మోగలేదే! మరి మనమెందుకు వచ్చినట్టు?" అన్నారు మామగారు.

"బాగుంది సంబడం. పీకింది మీరే, అడిగేదీ మీరే" అన్నారు అత్తగారు, ఆయాసపడుతూ. "గదినిండా జనం. ఒక్కరైనా ఆ ఫ్యాన్ వేసి చావండి."

ఈసారి నాది కాదని ఎవరూ అనలేదు. నాలుగు చేతులు ఒకదాని వెంట ఒకటి స్విచ్ మీద పడ్డాయి. ఫ్యాన్ కదిలింది, ఆగింది, కదిలింది, ఆగింది.

రెక్కలు పూర్తిగా నిలిచేదాకా అత్తగారు పైకే చూశారు.

"ఏమే," అన్నారు నాతో, "ఇప్పుడు ఎవర్ని పిలవాలి?"