డెల్టా బుల్స్‌కి ఆరో ఆటగాడు

డెల్టా బుల్స్ అనగానే చాలామంది ఎడ్ల పందేల జట్టేదో అనుకునేవారు. కాదు. ఏడాది పొడుగునా ఒళ్లు చెమటలు కక్కే సింగపూర్లో మంచు మీద హాకీ ఆడిన జట్టది. ఊళ్లోని లీగులో అట్టడుగు అంచె వాళ్లది. మొదటి మూడేళ్లలో గెలిచినవి మూడు మ్యాచ్‌లు. అందులో ఒకటి అవతలి జట్టు రాకపోవడం వల్ల గెలిచింది. అయినా కెప్టెన్ సుధాకరరావు ఎవరడిగినా మూడు అనే చెప్పేవాడు. ఆ మాత్రం గొప్ప చెప్పుకుంటే తప్పేముంది.

ఇదంతా మొదలైంది తొంభై ఎనిమిదిలో. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ తేదీలు మరిచిపోతాయని లోకం హడలిపోతున్న రోజులు. రాఫెల్స్ ప్లేస్‌లో ఒక ఆఫీసు పద్నాలుగో అంతస్తులో సగంమంది తెలుగువాళ్లే. వాళ్ల మేనేజరు గోర్డన్ కెనడా మనిషి. హాకీ లేకపోతే ఆయనకి అన్నం సయించదు. జట్టు కట్టడానికి మనుషులు దొరక్క తన కింద పనిచేసేవాళ్లనే పట్టుకున్నాడు. పై అధికారి సరదాగా అడిగినా అది సరదా కాదని మనవాళ్లకి వేరే చెప్పాలా? తొమ్మిదిమంది తలూపారు. అప్పటిదాకా వాళ్లు చూసిన ఐసల్లా చెరుకురసం గ్లాసులోదే. తొమ్మిదిలో ఆరుగురు గోదావరి జిల్లాలవాళ్లు కావడంతో జట్టుకి డెల్టా బుల్స్ అని పేరు పెట్టుకున్నారు. గుంటూరు నుంచి వచ్చిన గోల్‌కీపర్ యాకూబ్, "మాకు లేదా డెల్టా, కృష్ణ ఏమైందంట?" అని రెండు వారాలు సణిగి ఊరుకున్నాడు.

మొదటి మ్యాచ్ రోజున సుధాకరరావు ఒక ఘనకార్యం చేశాడు. శుభమా అని మొదలుపెడుతున్నాం కదా అని సెరంగూన్ రోడ్డులో కొబ్బరికాయ కొని తెచ్చి, మైదానం నడిమధ్యన, ఆ ఐసు మీదే ఠాప్‌మని కొట్టాడు. కాయ పగల్లేదు గానీ ఐసు పగిలింది. గుప్పెడంత గొయ్యి పడింది. రిఫరీ ఈల ఊది మ్యాచ్ ఆపేశాడు. అవతలి జట్టువాళ్లు నోరెళ్లబెట్టారు. సుధాకరరావుకి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

అప్పుడు పక్క తలుపులోంచి ఒక సన్నటి మనిషి బకెట్టు పట్టుకుని, స్కేటింగ్ బూట్ల మీద నీళ్ల మీద జారినట్టు వచ్చాడు. గొయ్యిలో ఐసు పొడి కూరి, నీళ్లు చిలకరించి, చేత్తో అదిమి సాపు చేశాడు. లేస్తూ తెలుగులో అన్నాడు.

"కొబ్బరికాయ బయట మెట్టు మీద కొట్టుకోవాలె సారూ. దీని కింద గొట్టాలున్నయ్. అవి పల్గితే మనందరం ఇంటికే."

అతని పేరు భద్రయ్య. నల్లగొండ దగ్గరి పల్లె. ఆ మంచు మైదానం కట్టేటప్పుడు అడుగున ఐసుని కరగనివ్వని గొట్టాలు పరిచిన కాంట్రాక్టరు మనిషి. పని చూసి ముచ్చటపడి, గొట్టాల బాగోగులకీ ఐసు పనికీ అతన్ని అక్కడే ఉంచేశారు. రోజూ తెల్లవారుజామున ఐసు నునుపు చేసే బండి నడిపి, ఆ పైన ఎవరూ రాకముందు ఓ గంట ఒక్కడే స్కేటింగ్ చేసేవాడు. ఎవరో పారేసిన కర్రకి టేపు చుట్టుకుని పక్ కొట్టేవాడు. పక్ అంటే ఆ ఆటలో బంతికి బదులు వాడే నల్ల రబ్బరు బిళ్ల. డెల్టా బుల్స్ తొమ్మిదిమందిలో అతనిలా జారగలిగినవాడు ఒక్కడూ లేడు. ఆ సంగతి సుధాకరరావుకి మొదటివారమే తెలుసు.

"నిన్నోసారి ఆడించాలయ్యా భద్రయ్యా," అనేవాడు ప్రతి ఆదివారం.

"ఆడిస్తె ఆడ్త సారూ," అనేవాడు భద్రయ్య.

అలా మూడేళ్లు గడిచిపోయాయి. ప్రతిసారీ తొమ్మిదిమంది ఉండేవారు, పదోవాడి అవసరం ఉండేది కాదు. అవసరం లేనప్పుడు ఇచ్చిన మాటని ఎవరు మాత్రం గుర్తుపెట్టుకుంటారు?

రెండువేల ఒకటి వచ్చింది. కంప్యూటర్లు తేదీలేం మరిచిపోలేదు గానీ కంపెనీలు మనుషుల్ని మరిచిపోవడం మొదలుపెట్టాయి. ముందు గోర్డన్ వెళ్లిపోయాడు. తర్వాత ప్రతి శుక్రవారం ఒకరికో ఇద్దరికో కాగితం అందేది. ఉద్యోగం పోతే ఉండే అనుమతి కూడా పోయినట్టే, నెల తిరిగేసరికి విమానం ఎక్కాలి. నవంబరుకి జట్టులో ఐదుగురు మిగిలారు. ఆటకి కనీసం ఆరుగురు కావాలి. ఒక మ్యాచ్ అప్పటికే మనుషులు చాలక వదులుకున్నారు. రెండోది కూడా వదులుకుంటే లీగులోంచి పేరు కొట్టేస్తారు. సీజన్లో ఇంకొక్క మ్యాచే ఉంది.

ఆ శుక్రవారం కాగితం సుధాకరరావుకే వచ్చింది. అతను ఎవరికీ చెప్పలేదు. కెప్టెనే పోతున్నాడంటే మిగతా నలుగురూ నీరుగారిపోతారని భయం. తను పోయినా జట్టు ఉండాలి, దాని పేరు లీగు పట్టీలో ఉండాలి. ఆ ఒక్కటే పట్టుకుని కూర్చున్నాడు. చివరి మ్యాచ్ ఆడి వెళ్లాలని కూడా ప్రాణం పీకుతోంది.

శనివారం భద్రయ్య దగ్గరికి వెళ్లాడు. "రేపు ఆడతావా?" అన్నాడు. ఈసారి అది అవసరంకొద్దీ అడగడమేనని ఇద్దరికీ తెలుసు. సుధాకరరావుకి సిగ్గేసింది. భద్రయ్య మాత్రం ఒక్క మాటా దెప్పకుండా మైదానం మేనేజరు కోహ్ దగ్గరికి పరిగెత్తాడు.

కోహ్, "కెన్ లా. బట్ ఐస్ యువర్ జాబ్," అన్నాడు. ఆడొచ్చు, కానీ మధ్యలో విరామాల్లో ఐసు నునుపు చేయాల్సింది భద్రయ్యే. అంటే మిగతావాళ్లు కూర్చుని నీళ్లు తాగే సమయంలో అతను బండి నడపాలి. భద్రయ్య అదేం లెక్కచేయలేదు.

ఆటసామాను ఒక్కటే మిగులు ఉంది. కిందటి నెల ఉద్యోగం పోయిన అభిజిత్‌ది. ఇంటర్వ్యూలంటూ తిరుగుతూ ఆటకి రావడం మానేసి, సామాను క్లబ్బులో వదిలేశాడు. ఆదివారం ఉదయం ఏడింటికి భద్రయ్య అభిజిత్ బూట్లు, అభిజిత్ పసుపు చొక్కా తొడుక్కుని బెంచీ మీద కూర్చున్నాడు. మూతి మీద నవ్వు దాచుకోవడం అతని వల్ల కావడం లేదు.

సరిగ్గా అప్పుడే సూట్‌కేసు లాక్కుంటూ అభిజిత్ వచ్చాడు.

"మధ్యాహ్నం ఫ్లైట్ సుధాకర్ గారూ. లాస్ట్ గేమ్ ఆడి అట్నుంచి అటే ఎయిర్‌పోర్ట్‌కి పోదామని వచ్చా," అన్నాడు. అప్పుడు భద్రయ్య ఒంటి మీద తన చొక్కా చూశాడు. "ఓ," అన్నాడు.

 పాత ఐదుగురికి అభిజిత్ కలిస్తే ఆరు. లెక్క సరిపోయింది, ఏడోవాడికి సామాను లేదు. భద్రయ్య ఆ లెక్క అందరికంటే ముందే వేసుకున్నాడు. వంగి బూట్ల తాళ్లు విప్పడం మొదలుపెట్టాడు.

"మీ బూట్లే సారూ. ఇప్పుడే ఏస్కున్న, ఖరాబు కాలె," అన్నాడు.

సుధాకరరావు తన బూట్ల వంక చూసుకున్నాడు. నోరు మూసుకుని కూర్చుంటే పనైపోతుంది. జట్టు నిలబడుతుంది, తనూ ఆడతాడు, ఎవరూ ఏమీ అనరు. మూడేళ్లుగా తను చేసిందదే. ఒక్క క్షణం అలాగే కూర్చుందామనుకున్నాడు కూడా.

"ఆగవయ్యా," అన్నాడు. "బూట్లు నీకు సరిపోయాయిగా, ఉంచుకో. అభిజిత్, నా బూట్లు నీకు పడతాయి, ఇంద. నీ చొక్కా నువ్వు తీసుకో."

"మరి మీరో?" అన్నాడు యాకూబ్ గోలు దగ్గర్నించి.

"నా మోకాలు బాలేదు," అని అబద్ధమాడాడు సుధాకరరావు. తన చొక్కా విప్పి భద్రయ్యకిచ్చాడు. రొమ్ము మీద కెప్టెన్ గుర్తుగా సి అనే అక్షరం కుట్టి ఉంది. రిఫరీ వచ్చి కెప్టెన్ ఎవరంటే సుధాకరరావు భద్రయ్య రొమ్ము మీది ఆ అక్షరం చూపించాడు. భద్రయ్య ఏదో అనబోయాడు గానీ ఈల మోగింది.

ఆట గొప్పగా ఏమీ సాగలేదు. రెండో విరామానికి అవతలివాళ్లకి ఏడు గోల్స్, మనవాళ్లకి రెండు. ఆ రెండూ భద్రయ్య కొట్టినవే. కొట్టిన ప్రతిసారీ మైదానం చుట్టూ ఉన్న అద్దం ఇవతల సుధాకరరావు గొంతు బొంగురుపోయేలా అరిచాడు. ఆడలేదన్న బాధ ఉంది, నిజమే. కానీ అంత సంతోషం తను ఆడిన ఏ మ్యాచ్‌లోనూ లేదు.

అందరూ బెంచీ మీద కూలబడితే భద్రయ్య కెప్టెన్ చొక్కాతోనే బండెక్కాడు. ఐసంతా చుట్టి తలుపు దగ్గరికి తెచ్చి ఆపాడు. రొప్పుతున్నాడు. అక్కడ సుధాకరరావు మేజోళ్లతో నిలబడి ఉన్నాడు.

"మోకాలు మంచిగైనంక మీ అంగీ మీకిస్త సారూ. వచ్చే యాడాదికి," అన్నాడు భద్రయ్య.

"వచ్చే ఏడాదికి నేనుండనయ్యా. మొన్న శుక్రవారం నాకూ కాగితం ఇచ్చేశారు. ఇంకా ఎవరికీ చెప్పలేదు." సుధాకరరావు ఆగి, "మిగతావాళ్లక్కూడా ఎప్పుడొస్తుందో తెలీదు. నీ పర్మిట్ ఇంకా రెండేళ్లుంది కదా. అందుకే చొక్కా నీ దగ్గరే ఉంచు," అన్నాడు.

భద్రయ్య బండి ఇంజను ఆపుచేశాడు. బెంచీ మీద కూర్చున్నవాళ్లని ఒక్కొక్కరినే చూశాడు. అభిజిత్ సూట్‌కేసు వాళ్ల పక్కనే నిలబెట్టి ఉంది.

"జట్టు పేరైతే ఉంటది, అది మంచిదే," అన్నాడు నెమ్మదిగా. "మీరందరు పోయినంక, నేనెవ్వలికి కెప్టెన్ సారూ?"

 రిఫరీ ఈల ఊదాడు. భద్రయ్య కర్ర అందుకుని, అప్పుడే తను నునుపు చేసిన ఐసు మీద గీతలు పడుతుండగా, నడిమధ్యకి వెళ్లి నిలబడ్డాడు.