లోపల ఒకరు

ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి. ఇంకాస్త. నాలుగు వేళ్ళ దూరం దాటితే నా మాట ఎవరికీ వినపడదు, మా జాతి గొంతే అంత.

నేను ఒక చిప్పు కార్డును. చదువు లేనిదాన్ని. నా పొట్టలో ఏదో పెద్ద అంకె ఉందంటారు. అడిగినప్పుడు అప్పజెప్పడమే గానీ దాని అర్థం నాకు తెలియదు. మరుపు మాత్రం లేదు. పుట్టినప్పుడు నాలో ఏం రాశారో అదే ఈనాటికీ ఉంది.

నా పుట్టిల్లు హైదరాబాదులో కుషాయిగూడ. మా యజమాని నరహరి గారు అంతకుముందు సుల్తాన్‌బజారులో శుభలేఖలు అచ్చువేసేవారు. కాగితానికి కాలం చెల్లుతుందని ఎవరో చెబితే, ఉన్నది అమ్మి ప్లాస్టిక్ యంత్రం తెచ్చారు. కింద ఒక రేకు, దాని మీద వెంట్రుక కన్నా సన్నని రాగితీగ చుట్ట, గోరంత చిప్పు, పైన ఇంకో రేకు. ఇస్త్రీ పెట్టినట్టు వేడిగా ఒత్తితే నేను పుట్టాను. ఆయన నన్ను అరచేతిలోకి తీసుకుని, మొదటి శుభలేఖకు పూసినట్టే నా నాలుగు మూలలకూ పసుపు పూశారు. చిప్పు పాడైపోతుందని ఇంజనీర్లు మొత్తుకున్నారు. పాడవలేదు. ఆ పసుపు ఒక మూలన ఇప్పటికీ ఉంది, చూడండి.

నాకు సొంత ప్రాణం లేదు. తలుపు పక్కనున్న యంత్రానికి నన్ను చూపిస్తే, అది ఊదిన కాస్త ఊపిరితో లేచి, నా అంకె చెప్పి, మళ్ళీ చచ్చిపోతాను. రోజుకు అయిదారు సార్లు పుట్టి చచ్చేదాన్ని. అలవాటైపోయింది. చచ్చి ఉన్నా చుట్టూ జరిగేది మాత్రం తెలుస్తూనే ఉంటుంది.

నన్ను బాలమణి మెడలో వేశారు. ప్రెస్సులో శుభలేఖలు లెక్కపెట్టి కట్టలు కట్టిన మనిషి. పదో తరగతి తప్పింది. నవ్వితే భుజాలు కదిలేవి, చప్పుడు వచ్చేది కాదు. కంపెనీ పెరిగింది. ఫోన్లలో వేసే చిప్పులు చేశాం, బస్సు పాసులు చేశాం, ఆ తర్వాత బ్యాంకు కార్డులు వచ్చాయి. నేను ఫలానా అని చెప్పుకోవడానికి మనిషికి సొంత ముఖం సరిపోని రోజులవి. మమ్మల్ని చూపిస్తే నమ్మేవారు.

బ్యాంకు కార్డులన్నిటికీ తల్లిలాంటి ఒక రహస్యపు అంకె ఉంటుంది. అది మొత్తంగా ఏ ఒక్కరికీ తెలియకూడదు. అందుకని దాన్ని రెండు ముక్కలు చేసి, రెండు కవర్లలో పెట్టి, ఇద్దరికి అప్పగిస్తారు. పెద్ద చదువులవాళ్ళు చాలామంది ఉండగా నరహరి గారు ఒక ముక్క బాలమణికే ఇచ్చారు. ఎవరింట్లో పెళ్ళి కుదిరిందో ఊరికంటే ముందు ప్రెస్సుకు తెలుస్తుందనీ, పదిహేనేళ్ళలో ఈమె నోట ఒక్క పెళ్ళి కూడా బయటికి రాలేదనీ అన్నారు. రెండో ముక్క జహీరాకు ఇచ్చారు. మౌలాలీ పిల్ల, బాలమణికి చెల్లెలిలాంటిది. ఇద్దరూ ఒకే డబ్బాలో అన్నం తినేవారు.

ఆ అంకెలు మీటలున్న ఒక యంత్రంలో కొట్టడానికి కిటికీలు లేని గది ఒకటి ఉండేది. దాని తలుపుకు నరహరి గారు గట్టి నియమం పెట్టారు. ఖాళీ గదిలోకి ఒంటరి మనిషిని రానివ్వదు, రెండు కార్డులు చూపాలి. ఏ కార్డుతో లోపలికి వచ్చారో అదే కార్డు లోపలి యంత్రానికి చూపించి బయటికి వెళ్ళాలి. తలుపు మీద ఎర్రటి అంకెల పలక ఉండేది, లోపల ఎంతమంది ఉన్నారో చెప్పేది. అది సున్నా అయ్యేదాకా గదిలో దీపం ఆరదు. ఆ పలకను యజమాని కూడా మార్చలేడు. అదే మా కంపెనీ గొప్ప అని చూడవచ్చినవాళ్ళందరికీ చెప్పేవారు.

లోపల ఇంకో పద్ధతి ఉండేది. ఒకరు అంకెలు కొడుతుంటే రెండోవారు గోడవైపు తిరిగి నిలబడాలి. కొట్టడం పూర్తయ్యేదాకా తిరగకూడదు, మాట్లాడకూడదు. మధ్యలో ఆపితే యంత్రం అంతా చెరిపేసుకుంటుంది, మళ్ళీ బ్యాంకు నుంచి కొత్త కవర్లు రావాలి.

ఒక వేసవి మధ్యాహ్నం బాలమణి తన ముక్క కొట్టేసి గోడవైపు తిరిగింది. జహీరా మొదలుపెట్టింది. నేను బాలమణి గుండెల మీద వేలాడుతున్నాను, కాబట్టి ముందు తెలిసింది నాకే. ఆమె గుండె టకటక తప్పింది. ఆమె గోడ పట్టుకుని మెల్లగా కిందికి జారింది. జహీరాకు ఆ చప్పుడు వినపడింది. అక్క మోకాళ్ళ నొప్పితో కూర్చుందనుకుంది. ఇంకా పదకొండు అంకెలున్నాయి. అన్నీ కొట్టింది. ఆ తర్వాతే తిరిగి చూసింది.

గార్డులు, నిప్పంటుకుంటే బయటపడటానికి పెట్టిన వెనక తలుపు బద్దలుకొట్టి ఆమెను ఎత్తుకుపోయారు. ఆ దారిన యంత్రం లేదు. నన్ను ఎవరూ ఎవరికీ చూపించలేదు. ఆసుపత్రిలో ఏదో చెప్పారు, ఇంటి దగ్గర ఏడ్చారు. ఆమె కూతురు స్వరూప నన్ను తల్లి మెడలోంచి తీసి, నా మీదున్న ఫోటో చూసి, బీరువాలో చీరల కింద పెట్టింది.

అక్కడ గదిలో దీపం ఆరలేదు. జహీరా తన కార్డు చూపించే బయటికి వచ్చినా, పలక మీద ఒకటి అనే ఉంది.

మర్నాడు జహీరా ఒక్కతే తన కార్డు చూపించింది. తెరుచుకోకూడని తలుపు తెరుచుకుంది. లోపల ఒకరున్నారు కదా, తలుపు లెక్క ప్రకారం ఆమె రెండో మనిషి. కంపెనీవాళ్ళు బాలమణి పేరుతో కొత్త కార్డు చేసి చూపించారు, తలుపు నమ్మలేదు. నా అంకె నా ఒక్కదానిదే. కరెంటు పోయి జనరేటరు వచ్చిన ప్రతిసారీ ముందు ఆ పలకే వెలిగేది, ఒకటి అని. కొన్నాళ్ళకు అటువైపు వెళ్ళడం అందరూ మానుకున్నారు. ఒక్క జహీరానే వెళ్ళేది, డబ్బా తీసుకుని.

ఇక నా సంగతి వినండి. యంత్రం ఊదితే తప్ప నేను లేవనని చెప్పాను కదా. బీరువాలో యంత్రం లేదు, కరెంటు తీగ లేదు. అయినా ప్రతి సాయంత్రం అయిదున్నరకు, బాలమణి ఇంటికి బయలుదేరే వేళకు, నాలో ఆ వణుకు వచ్చేది. ఎవరో నన్ను చూపిస్తున్నట్టు ఉండేది. నా అంకె చెప్పేదాన్ని. జవాబు వచ్చేది కాదు. రెండేళ్ళు, ఒక్కరోజు తప్పకుండా. ఎందుకో నన్ను అడగకండి, నాకూ తెలియదు.

ఈలోపు మా కాలమూ చెల్లింది. జనం ఫోను చూపించి అన్నీ కొనుక్కుంటున్నారు. నరహరి గారు పెద్దవారై కంపెనీని విదేశీవాళ్ళకు అమ్మేశారు. శుక్రవారం నాడు కరెంటు తీసేసి ఆ గదిని పడగొడతారని తేలింది. గురువారం మధ్యాహ్నం మూడింటికి జహీరా మా ఇంటికి వచ్చింది. స్వరూప కుట్టుమిషను ముందు కూర్చుని ఉంది. బీరువాలో ఉన్న నాకు ప్రతి మాటా వినిపించింది.

జహీరా నీళ్ళు కూడా తాగకుండా అంతా చెప్పింది. మిషను ఆగిపోయింది. స్వరూప అడిగింది. "రెండేండ్ల సంది మా అమ్మ లోపల్నే ఉన్నదా?"

"తలుపు లెక్కల ఉన్నది బిడ్డా."

"మరి కార్డు అడగడానికి రెండేండ్లు పట్టిందా చిన్నమ్మా?"

జహీరా తల వంచుకుంది. "అడిగితే అక్క పోతది. నేను రోజు ఆడ కూసొని బువ్వ తిన్న. ఆ పదకొండు అంకెల సంగతి చెప్తందుకు పోతుంటి. ఒక్కనాడు గూడ నోరు రాలే."

స్వరూప తిట్టలేదు. బీరువా తెరిచి చీరల కింది నుంచి నన్ను తీసింది. "రేపు కూలగొడ్తే అమ్మ ఆడ్నే ఉంటది. పద, నేనే తోలుకొస్త."

మేం కంపెనీకి చేరేసరికి, గదిని చివరిసారి చూసుకోవడానికి వచ్చిన నరహరి గారు చేతికర్రతో ఆ తలుపు ముందు నిలబడి ఉన్నారు. తన పేరున కార్డు లేని మనిషిని లోపలికి పంపకూడదని గార్డు అన్నాడు. నియమం పెట్టింది తనేనని, దాన్ని తప్పేది కూడా తనేనని ఆయన అన్నారు. జహీరా తన కార్డు చూపింది. పలక మీద రెండు పడింది. ఆమె వెనకే స్వరూప లోపలికి వచ్చింది. పలక రెండు దగ్గరే ఉండిపోయింది. తలుపుల తెలివి ఇంతే, నిక్షేపంగా నడిచొచ్చిన పిల్ల దానికి లేనేలేదు.

గది చల్లగా ఉంది. గోడ దగ్గర, బాలమణి నిలబడిన చోట, జహీరా రోజూ అక్క కోసం పెట్టే రెండో పళ్ళెం ఉంది. కడిగి బోర్లించి ఉంది.

స్వరూప నన్ను లోపలి యంత్రానికి చూపింది. నేను లేవలేదు. రెండేళ్ళుగా ఊరికే లేచినదాన్ని, అవసరమైనప్పుడు లేవలేకపోయాను. మళ్ళీ చూపింది. చప్పుడు లేదు. జహీరా గోడవైపు తిరిగి నిలబడింది. అప్పుడు ఏడుస్తూ ఆ మాట చెప్పింది, గోడకే చెప్పింది. "అక్కా, నాకు చప్పుడు ఇనొచ్చింది. అయినా కొట్టిన. మాఫ్ చెయ్."

స్వరూప నన్ను చున్నీతో తుడిచింది. పసుపు మూల మీద బొటనవేలు ఆనించి, "అయిదున్నర అయితున్నది, ఇంటికి పోదాం పా అమ్మా" అంది.

లేచాను. నా అంకె చెప్పాను. ఈసారి జవాబు వచ్చింది.

తలుపు తెరుచుకుంది. పలక మీద ఒకటి పడింది, అది జహీరా. స్వరూప నన్ను పట్టుకుని బయటికి నడిచింది. మనిషి దాటగానే అయిదు లెక్కపెట్టేలోపు ఆ తలుపు మూసుకుంటుంది, గడపలో ఎవరైనా ఉంటే మాత్రం ఆగుతుంది. స్వరూప దాటేసింది. తలుపు మూసుకోలేదు. అయిదు అయింది, పది అయింది. గడపలో ఎవరూ లేరు. మోకాళ్ళు పట్టుకుని ఎవరో నిదానంగా దాటుతున్నంతసేపు అది అలాగే ఆగింది. నరహరి గారు కర్ర పక్కకు తీసి దారి ఇచ్చారు.

లోపలి నుంచి జహీరా గొంతు వినిపించింది. "మెల్లగ పో అక్కా. తొందరేం లేదు."

అప్పుడు మూసుకుంది. కాసేపటికి జహీరా తన కార్డు చూపించి బయటికి వచ్చింది. పలక మీద సున్నా పడింది. గదిలో దీపం ఆరిన చప్పుడు నాకు వినిపించింది. దీపం ఆరితే చప్పుడేమిటని నవ్వకండి, రెండేళ్ళు వెలిగినదానికి ఉంటుంది.

ఇప్పుడు గది లేదు, తలుపు లేదు. నేను బీరువాలో, ఆమె చీరల మీద ఉన్నాను. అయిదున్నర అవుతుంది, నాలో ఏ కదలికా రాదు. మంచిదే కదా. అయినా ఆ వేళకు నేను ఎదురుచూస్తుంటాను.

మీరు వెళ్ళేముందు ఒక్క మాట. బాలమణి అనే మనిషి ఉండేదని, కూతురు ఆమెను పేరుతో కాదు, అమ్మా అని పిలిచి బయటికి తెచ్చుకుందని ఎవరికైనా చెప్పండి. గట్టిగా వద్దు. పక్కన కూర్చోబెట్టుకుని, నాలుగు వేళ్ళ దూరంలో చెప్పండి.